ప్రాణహితలో ఈత: ఏ నెలలో నీళ్లు ఎలా ఉంటాయి, పిల్లల్ని ఎప్పుడు దింపాలి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండ నుంచి ఇక్కడికి, మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచకు బదిలీ మీద వచ్చారు. పిల్లలకు 11 ఏళ్లు, 14 ఏళ్లు. మీరు చిన్నప్పుడు ఊళ్లో బావిలో ఈత నేర్చుకున్నారు, పిల్లలకు ప్రాణహితలో నేర్పాలనుకుంటున్నారు. ఏ నెలలో నీళ్లు ఎంత చల్లగా ఉంటాయి, చలికాలంలో దింపితే జలుబు చేస్తుందా, ఎండాకాలం సెలవుల దాకా ఆగడం మంచిదా అని అడిగారు.

మా నాన్న ఇక్కడి రేవులో పడవ నడిపేవాడు. వంతెనలు లేని రోజుల్లో అటు అర్జునగుట్టకైనా, ఇటు కాళేశ్వరానికైనా పడవే దిక్కు. నేను పీఈటీ సార్‌గా పనిచేసి రిటైరయ్యాను. 30 ఏళ్లు పిల్లలకు ఈ నదిలోనే ఈత నేర్పాను. లాబ్‌లో వాడే థర్మామీటరు ఒకటి కర్రకు కట్టుకుని, పొద్దున ఆరున్నరకు మోకాలి లోతులో ముంచి చూసి నోటుపుస్తకంలో రాసుకోవడం అలవాటైంది. కింద చెప్పే అంకెలు ఆ పుస్తకంలోవి. మీరు కొలిస్తే ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ రావచ్చు.

ముందు ఒక మాట. నీళ్ల చల్లదనం గురించి అడిగారు, చెబుతాను. కానీ ఈ నదిలో చలికి చనిపోయినవాళ్లను నేను చూడలేదు. నీళ్లు హాయిగా, వెచ్చగా ఉన్న రోజుల్లో మునిగిపోయినవాళ్లనే చూశాను. అందుకే నెలనెలా నీళ్ల వేడితో పాటు, ఆ నెలలో నీళ్ల కింద నేల ఎలా ఉంటుందో కూడా చెబుతాను. మీరు ఎక్కువ చూడాల్సింది దాన్నే.

పుష్య మాసం నుంచి మొదలుపెడదాం. డిసెంబరు చివర, జనవరిలో పొద్దున నీళ్లు 19 నుంచి 21 డిగ్రీలుంటాయి, మధ్యాహ్నానికి 22, 23 అవుతాయి. ఆ రోజుల్లో తెల్లవారుజామున నది మీద పొగ లేస్తుంటుంది, చూసే ఉంటారు. గాలి 11, 12 డిగ్రీలకు పడిపోయి, నీళ్లు దానికంటే వెచ్చగా ఉండటం వల్ల వచ్చే ఆవిరి అది. అందుకే చెయ్యి పెడితే నీళ్లు గోరువెచ్చగా అనిపిస్తాయి. అక్కడే మోసపోతాం. గాలికంటే నీళ్లు మన ఒంట్లోని వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. దిగేటప్పుడు బాగుంటుంది, పావుగంటకు పళ్లు టకటకలాడతాయి. బయటికొచ్చాక ఆ చలిగాలి తడి ఒంటికి తగిలితే అసలు వణుకు అప్పుడు మొదలవుతుంది. పిల్లల ఒళ్లు చిన్నది, పెద్దవాళ్లకంటే త్వరగా చల్లబడుతుంది. జనవరిలో దింపాలనుకుంటే పొద్దున వద్దు, పదకొండు దాటాక దింపండి, పది పదిహేను నిమిషాలు చాలు. పెదవులు నీలంగా మారినా, పిల్లవాడు మాట్లాడటం తగ్గించినా వెంటనే బయటికి తీసి, తుడిచి, పొడి బట్టలు వేసి, తలకు తువ్వాలు చుట్టండి.

జలుబు మాటకొస్తే, అది వైరస్ వల్ల వచ్చేది, చల్లటి నీళ్ల వల్ల కాదు. మాఘ స్నానాలు చేసే ముసలమ్మలు నెల పొడుగునా తెల్లారి మునిగి, నిక్షేపంగా ఇంటికి పోవడం నేను ఏటా చూస్తాను. అయితే ఆస్తమా ఉన్న పిల్లలకు చల్లటి నీళ్లలో ఊపిరి పట్టేసే అవకాశముంది. మీ పిల్లల్లో ఎవరికైనా ఉంటే డాక్టరును అడగకుండా దింపకండి.

ఒకే రేవులో కాలాన్ని బట్టి ఎంత తేడా ఉంటుందో మా ఊరివాళ్లకు పుష్కరాల్లో తెలిసొచ్చింది. 2010లో ప్రాణహిత పుష్కరాలు డిసెంబరు 6 నుంచి 17 దాకా వచ్చాయి. తెల్లారి మునిగినవాళ్లు వణుకుతూ మెట్లెక్కి నెగడు దగ్గరికి పరుగెత్తారు. 2022లో అవే పుష్కరాలు ఏప్రిల్ 13 నుంచి 24 దాకా. అప్పుడు నీళ్లలోంచి జనాన్ని బయటికి రప్పించడమే కష్టమైంది, ఒడ్డున ఇసుక కాలిపోతుంటే ఎవరికి రాబుద్దవుతుంది? 2010లో మూడు మునకలు వేసి పోయిన మనిషి, 2022లో గంట కూర్చున్నాడు. గంట కూర్చున్న మనిషి మెల్లగా లోపలికి జరుగుతాడు. ఆ జరగడమే ప్రమాదం.

ఫిబ్రవరిలో నీళ్లు 22 నుంచి 24, మార్చిలో 25 నుంచి 27. నా లెక్కలో ఈత నేర్చుకోవడానికి ఏడాది మొత్తంలో ఇవే మంచి రోజులు, ముఖ్యంగా శివరాత్రి దాటాక ఓ నాలుగైదు వారాలు. నీళ్లు తేటగా ఉంటాయి, ప్రవాహం నెమ్మదిస్తుంది, నడుము లోతులో నిలబడితే కాలి వేళ్లు కనబడతాయి. పోటీలు పెట్టే స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం. మార్చిలో ప్రాణహిత ఆ వేడిని ఉచితంగా ఇస్తుంది. పిల్లలకు పరీక్షలుంటాయని తల్లిదండ్రులు ఈ నెలల్ని వదిలేసుకుంటారు. నాకు బాధనిపించే విషయం ఇది. ఆదివారాలు రెండేసి గంటలు కేటాయిస్తే చాలు.

ఇక ఏప్రిల్, మే. అందరూ దిగేది అప్పుడే, ఎక్కువ మంది పోయేదీ అప్పుడే. ఏప్రిల్‌లో 28 నుంచి 30. మేలో పొద్దునే 29, 30 ఉంటుంది, సాయంత్రానికి 32, 33. ఒడ్డు పక్కన చీలమండ లోతు నీళ్లు రోహిణి కార్తెలో 35 దాటడం కూడా చూశాను. నదుల్లో, సముద్రాల్లో జరిగే దూరపు ఈత పోటీలకు అంతర్జాతీయ నియమాల ప్రకారం నీళ్లు 16 డిగ్రీలకు తగ్గకూడదు, 31కి మించకూడదు. మించకూడదని ఎందుకు పెట్టారంటే, అంత వెచ్చటి నీళ్లలో గట్టిగా ఈదితే ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోదు. చెమట పట్టినా తెలియదు, దాహం తెలియదు, కళ్లు తిరిగాకే తెలుస్తుంది. అంటే మే నెల సాయంత్రం మన నది మామూలుగానే ఆ హద్దు దాటి ఉంటుంది. ఆటగా మునిగి లేవడానికి పర్లేదు, అటు ఒడ్డు దాకా పందెం వేయడానికి పనికిరాదు. మేలో నేను ఆరింటికి దింపి, ఎనిమిది లోపు బయటికి తెచ్చేవాణ్ని. దిగే ముందు ప్రతి పిల్లవాడి చేత రెండు గ్లాసుల మంచినీళ్లు తాగించేవాణ్ని.

మడుగుల సంగతి వేరు. ప్రవాహం తెగి, లోతుగా నిలిచిపోయిన చోట ఎండాకాలం పైనీళ్లు వేడిగా, అడుగు నీళ్లు చల్లగా ఉంటాయి. వేడి నీళ్లు తేలికగా ఉంటాయి కాబట్టి పైనే ఉండిపోతాయి, ప్రవాహం లేదు కాబట్టి రెండూ కలవవు. పైన వెచ్చగా ఉందని దూకితే మనిషి లోతు కింద కాళ్లకు ఒక్కసారిగా చల్లదనం కొడుతుంది. ఉలిక్కిపడి ఊపిరి పీల్చబోతారు, అప్పుడే నీళ్లు మింగుతారు, కొందరికి పిక్కలు పట్టేస్తాయి. మడుగులో తలకిందులుగా దూకనివ్వకండి. ఇంకొకటి, వెచ్చగా నిలిచి ఉన్న నీళ్లు ముక్కులోకి బలంగా పోతే, చాలా అరుదుగానైనా, మెదడుకు సోకే అమీబా ఒకటుంది. 2024లో కేరళలో దానివల్ల పిల్లలు చనిపోయారు. పారే నీళ్లలో ఆ భయం బాగా తక్కువ. గేదెలు పడుకునే మడుగుల్ని గేదెలకే వదిలేయండి.

ఎండాకాలంలో ఇసుక గుంతల గురించి మీ ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి చెప్పండి. నదిలో ఇసుక తవ్వుతారు. తవ్విన గుంత పైకి కనబడదు, ఎందుకంటే నీళ్లు అన్నిచోట్లా ఒకే మట్టంలో ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు ఒక్క అడుగు ముందుకేస్తే మెడ దాటుతుంది. వెనక్కి తిరిగి ఎక్కుదామంటే గుంత అంచు ఇసుక జారిపోతూనే ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ దొరకదు. వెనకవాడు చెయ్యి అందిస్తే వాడి కాళ్ల కింద ఇసుకా జారుతుంది. ఒకరిని కాపాడబోయి నలుగురు పోయారన్న వార్తల్లో చాలావాటి వెనక జరిగేది ఇదే.

మనకు దిగువన గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బరాజ్ విషయం కూడా చెప్పాలి. 2019లో బరాజ్ మొదలయ్యాక, గేట్లు మూసినప్పుడు నీళ్లు వెనక్కి తన్ని కాళేశ్వరం, సిరోంచ దగ్గర లోతుగా నిలిచేవి. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాక నీళ్లు వదిలేశారు, మళ్లీ ఇసుక తేలింది. అందువల్ల 2018కి ముందు ఈదినవాళ్లు చెప్పే లోతు వేరు, 2022లో ఈదినవాళ్లు చెప్పేది వేరు, ఇప్పటిది వేరు. ఇది మాకు తెలిసిన రేవే అని ఎవరన్నా అంటే, ఏ ఏడాది తెలిసిందో అడగండి.

మృగశిర దాటి తొలకరి పడగానే నీళ్లు 28, 29కి దిగుతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా 26 నుంచి 29. వేడి పరంగా ఒంటికి సరిగ్గా సరిపోయే నీళ్లు. కానీ ఈ నెలల్లో దిగకూడదు. దీనికి మినహాయింపు లేదు, ఒక్కరోజు కూడా వద్దు.

ఎందుకంటే ప్రాణహిత ఇక్కడి వానను బట్టి లేవదు. వైన్‌గంగ మధ్యప్రదేశ్‌లోని సివనీ జిల్లాలో పుడుతుంది. వార్ధా నది వచ్చి దానితో కలిశాక ప్రాణహిత అవుతుంది. గోదావరి ఉపనదుల్లో ఇంతకంటే పెద్దది లేదు, లక్ష చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల మీద పడ్డ వాన మన ఊరి ముందు నుంచే పోవాలి. అక్కడెక్కడో భండారాలో వైన్‌గంగ మీదున్న గోసీఖుర్ద్ డ్యాం గేట్లు ఎత్తితే, ఆ నీళ్లు మన దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ ఎండ కాస్తూ ఉండొచ్చు. ఆకాశం తేటగా ఉంది, నది పెరుగుతోంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది అర్థం కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన వరదలో మన తాలూకాలో ఒడ్డు ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

మీకు మరాఠీ ఇంకా రాకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. బజారులో ఎవరన్నా ‘నదీలా పూర్ ఆలా’ అంటే వరద వచ్చిందని. ఒడ్డున బోర్డు మీద ‘ధోకా’ అని ఉంటే మన వైపు అర్థం తీసుకోకండి, మోసమని కాదు, మరాఠీలో ప్రమాదం అని. ఆ బోర్డు ఉన్న చోట దిగకూడదు.

వరద నెలల్లో నీళ్లు మురికిగా ఉంటాయి, చెట్ల మోడులు కొట్టుకొస్తాయి. కాళ్లకు పుండ్లు, గాయాలుంటే లెప్టోస్పైరోసిస్ లాంటి జ్వరాలు పట్టుకుంటాయి. అన్నిటికంటే ప్రవాహం పెద్దది. నీళ్ల వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు అవుతుంది. మామూలుగా ఈత వచ్చిన మనిషి సెకనుకు మీటరు వేగంతో కూడా ఎక్కువసేపు ఈదలేడు. ఆగస్టులో మధ్యనది అంతకంటే చాలా వేగంగా పోతుంది. మీరు బావి ఈత నేర్చినవారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. బావి నీళ్లు భూగర్భం నుంచి వచ్చేవి, ఏడాదంతా దాదాపు ఒకే వేడిలో ఉంటాయి. అందుకే చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా అనిపిస్తాయి. బావి లోతు మారదు, గోడ ఎటు వైపుందో తెలుసు, నీళ్లు కదలవు. బావిలో గంట తేలగలిగినవాడు నదిలో పది నిమిషాల్లో అలిసిపోవడం నేను చాలాసార్లు చూశాను. మీ ఈత మీద మీకున్న నమ్మకంలో సగం తగ్గించుకుని ఈ నదికి రండి.

అక్టోబరులో 26 నుంచి 28, నవంబరులో 23 నుంచి 25. స్వాతి కార్తె దాటేసరికి నీళ్లు తేటబడతాయి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద ఒక దసరా సెలవుల్లో, వాన తగ్గి నాలుగు రోజులైంది కదా అని, అంతకుముందు వేసవిలో రోజూ ఈదిన చోటికే పిల్లల్ని తీసుకెళ్లాను. మార్చిలో అక్కడ ఛాతీ లోతు, గట్టి ఇసుక. ఈత బాగా వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లవాడు ముందు దిగాడు. నాలుగు అడుగులు వేశాడు, తల కనబడలేదు. వరద ఆ తిన్నెను కోసుకుపోయి అక్కడ పాయ పెట్టింది, నేను చూసుకోలేదు. వాడు ముప్పై గజాల కింద తేలాడు. వల వేస్తున్న ఒకాయన పడవ తెడ్డు చాపితే పట్టుకున్నాడు. బతికాడు, ఇప్పుడు వాడికే పిల్లలున్నారు. ఆ రాత్రి వాళ్లమ్మ ముందు నిలబడి జరిగింది చెప్పడం నాకు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి ప్రతి ఏటా వరద తీశాక, పిల్లలకంటే ముందు నేను పొడుగాటి వెదురు కర్ర పట్టుకుని, నడుముకు తాడు కట్టించుకుని, ఆ తాడు ఒడ్డున ఇద్దరి చేతికిచ్చి, రేవు అంతా అడుగు అడుగు నడిచి చూస్తాను. ఎక్కడ జారుతోందో, ఎక్కడ ఊబిలా దిగబడుతోందో చూసి, పిల్లలు దాటకూడని చోట గెడలు పాతి ఎర్రగుడ్డ కడతాను. నడవని చోట ఎవర్నీ దింపను.

చోటు ఎంచుకోవడం గురించి రెండు మాటలు. నది వంపు తిరిగే చోట లోపలి వైపు ఇసుక పేరుకుంటుంది, బయటి వైపు కోసుకుపోయి లోతుంటుంది. పిల్లలకు ఎప్పుడూ లోపలి వైపే. వంతెన స్తంభాల దగ్గరికి అస్సలు పోనివ్వకండి, స్తంభాన్ని నీళ్లు తాకి కిందికి తిరిగి, మొదట్లో పెద్ద గుంత తవ్వుతాయి. రెండు నదులు కలిసే చోట ఈత వద్దు, నమస్కారం చేసుకుని స్నానం చేసి రండి. ప్రాణహిత పొంగి, గోదావరి పలచగా ఉన్నప్పుడు నీళ్లు ఎదురు ఎక్కుతాయి, సుడి ఎటు తిరుగుతుందో పడవవాళ్లే చెప్పలేరు. దిగే ముందు ఒక ఎండుపుల్ల నీళ్లలో వేసి దాని పక్కనే ఒడ్డున నడవండి. 20 అంకెలు నిదానంగా లెక్కపెట్టేలోపు అది మీ పది అడుగుల దూరం దాటిపోతే ఆ రోజు పిల్లలకు సెలవు. మొసళ్ల గురించి కూడా చాలామంది అడుగుతారు. ఎగువన గోదావరి మీద శివ్వారంలో మొసళ్ల అభయారణ్యమే ఉంది. చలికాలం ఒంటికి వేడి కోసం ఎండలో తిన్నెల మీద పడుకుంటాయి, ఎండాకాలం గుడ్లు పెట్టి కాపలా ఉంటాయి. జాలర్లను అడిగితే ఎక్కడ కనబడ్డాయో చెబుతారు. జనం లేని మడుగుకు, చీకటి పడ్డాక పోకపోవడమే దీనికి జాగ్రత్త.

ఎవరైనా మునుగుతుంటే మీరు దూకకండి, పిల్లలకు మరీ మరీ చెప్పండి. చీర, తాడు, గెడ, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరండి. కొట్టుకుపోయేవాడు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకు పెట్టి, ఏటవాలుగా ఒడ్డు వైపు జరగాలి. బయటికి తీసిన మనిషికి ఊపిరి లేకపోతే కాళ్లు పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం వద్దు, దానివల్ల సమయం పోతుంది. 108కి ఫోన్ చేయించి, ముందు నోటితో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిర్లు, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా చేయాలి. మీ పెద్దబ్బాయికి ఇది నేర్పేంత వయసుంది.

పిల్లలకు మొదటి నెల ఈత నేర్పను. నడుము లోతులో ముఖం ముంచి ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం, పడితే లేచి నిలబడటం, ఈ మూడే. మా చిన్నప్పుడు ఎండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టేవాళ్లు, ఇప్పుడు లైఫ్ జాకెట్లు దొరుకుతున్నాయి, ఒంటికి సరిపోయేవి రెండు కొనండి. గాలి ఊదే ట్యూబులు వద్దు, జారిపోతాయి.

ఈ ఏడాది కార్తీక పౌర్ణమి రద్దీ తగ్గాక వచ్చే ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి రేవుకు రండి. ఎండ కాస్త పడుతుంది, నీళ్లు 24 దాకా ఉంటాయి. నేను అంతకు ముందురోజే కర్రతో నడిచి చూసి గెడలు పాతి ఉంటాను. పిల్లలకు పొడి బట్టలు, రెండు తువ్వాళ్లు, ఫ్లాస్కులో వేడి పాలు తెచ్చుకోండి. మీరూ దిగే బట్టలతో రండి, పిల్లల పక్కన చెయ్యి అందేంత దూరంలో నిలబడాల్సింది మీరే.